ల్యాప్‌టాప్ కొనేటప్పుడు రెండో ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి చూడాలా? నలభై ఏళ్ల కొట్లాట కథ



కౌన్సెలింగ్ అయిపోయి కాలేజీల్లో చేరే రోజులొచ్చాయంటే తమ్ముళ్లు, చెల్లెళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, ఏ ల్యాప్‌టాప్ కొనాలి?" ర్యామ్ ఎంత ఉండాలి, ప్రాసెసర్ ఏది, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, ఇవన్నీ అడుగుతారు. ఈ మధ్య ఇంకోటి కూడా అడుగుతున్నారు. "ఇందులో విండోస్‌తో పాటు లినక్స్ కూడా నడుస్తుందా? మ్యాక్ కొంటే విండోస్ వేసుకోవచ్చా? అసలు అది చూసి కొనాలా, అక్కర్లేదా?"

దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు గానీ, అలా చెబితే ఉపయోగం లేదు. ఈ ప్రశ్న వెనక నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మనం డబ్బు పెట్టి కొన్న మెషిన్ ఆన్ చేయగానే ముందు ఎవరి మాట వినాలి అనే దాని మీద పెద్ద పెద్ద కంపెనీల మధ్య జరిగిన కొట్లాట అది. ఇంట్లో అందరూ కూడబెట్టిన డబ్బుతోనో, స్కాలర్‌షిప్ డబ్బుతోనో నాలుగేళ్లకు ఒక్క మెషిన్ కొనే మనకు ఆ కొట్లాట తెలిసి ఉండాలి.

ముందు అసలు డ్యూయల్ బూట్ అంటే ఏంటో చూద్దాం. రెండెకరాల చెలక ఉంది, ఎద్దుల జత మాత్రం ఒక్కటే ఉంది అనుకోండి. మధ్యలో గట్టు వేసి ఒక ఎకరంలో పత్తి, ఇంకో ఎకరంలో జొన్న వేసుకోవచ్చు. కానీ ఎద్దులు ఒకసారికి ఒక ఎకరంలోనే దున్నుతాయి కదా. కంప్యూటర్‌లో డిస్క్ మన చెలక, ప్రాసెసర్, ర్యామ్ మన ఎద్దులు. డిస్క్‌ను రెండు భాగాలు చేసి చెరో దాంట్లో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకుని, ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో ఎంచుకోవడమే డ్యూయల్ బూట్. ఆ ఎంపిక చూపించే చిన్న ప్రోగ్రామ్‌ను బూట్ లోడర్ అంటారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1981 ఆగస్టు 12న ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ఈరోజు మనం వాడే విండోస్ ల్యాప్‌టాప్‌లకు ముత్తాత అదే. అప్పుడు ఐబీఎం కొనేవాళ్ల ముందు ఒకటి కాదు, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టింది: పీసీ డాస్, సీపీ/ఎం-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్. నీకు ఏది కావాలో అది కొనుక్కో అన్నట్టు. చూడ్డానికి ఎంత బాగుందో! కానీ పీసీ డాస్ ధర 40 డాలర్లు, సీపీ/ఎం-86 ధర 240 డాలర్లు. పైగా సీపీ/ఎం-86 చేతికి రావడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. ఇక ఎవరు దేన్ని కొంటారో చెప్పాలా?

నిజానికి అప్పటిదాకా చిన్న కంప్యూటర్లలో సీపీ/ఎందే రాజ్యం. దాన్ని రాసినాయన గ్యారీ కిల్డాల్, ఆయన కంపెనీ డిజిటల్ రీసెర్చ్. ఐబీఎం వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఆయన కంపెనీ గడప కూడా తొక్కారు, ఒప్పందం కుదరలేదు. అప్పుడు మైక్రోసాఫ్ట్ ముందుకొచ్చింది. ఆ చిప్‌కు సరిపోయేది తన దగ్గర లేకపోతే, సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ రాసిన 86-డాస్‌ను కొనేసి, మార్పులు చేసి ఐబీఎంకు ఇచ్చింది. తెలివంతా తర్వాతి అడుగులో ఉంది. అదే డాస్‌ను వేరే కంప్యూటర్ కంపెనీలకు అమ్ముకునే హక్కు తన దగ్గరే ఉంచుకుంది. ఐబీఎం మెషిన్‌కు నకళ్లు తయారుచేసే కంపెనీలు వందల్లో పుట్టుకొచ్చాయి, అందరికీ డాస్ కావాలి.

ఇక్కడ మొదటి తలుపు మూసుకుంది. మైక్రోసాఫ్ట్ చాలామంది తయారీదారులతో ఒక రకం లైసెన్స్ రాయించుకుంది. దాన్ని పర్ ప్రాసెసర్ లైసెన్స్ అనేవాళ్లు. నువ్వు అమ్మే ప్రతి కంప్యూటర్‌కూ, అందులో డాస్ వేసినా వేయకపోయినా, లెక్కకట్టి మాకు డబ్బివ్వాలి. అలా ఒప్పుకుంటే ధర తగ్గిస్తాం. ఇదీ అందులో ఉన్న మాట. సంతలో ఒక షావుకారు ఉన్నాడనుకోండి. "నా ఉప్పు కొన్నా కొనకపోయినా నీ గంపకు ఇంత కట్టు, అలా ఒప్పుకుంటే నీకు తక్కువ రేటు" అన్నాడు. ఒప్పుకున్నవాడు ఇక పక్క దుకాణంలో ఉప్పు ఎందుకు కొంటాడు? రెండుసార్లు డబ్బు పెట్టినట్టవుతుంది. సంతల్లో మన తాతలు ఇలాంటి లెక్కలు చాలా చూశారు, మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

డిజిటల్ రీసెర్చ్ 1988లో డీఆర్ డాస్ అనే మంచి పోటీ సరుకు తెచ్చింది. కానీ తయారీదారు దాన్ని వేసి అమ్మాలంటే దానికీ కట్టాలి, వేయని ఎంఎస్ డాస్‌కూ కట్టాలి. చివరికి అమెరికా న్యాయశాఖ విచారణ చేసి, 1994 జులైలో మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం కుదుర్చుకుని ఈ పద్ధతిని ఆపించింది. అప్పటికి డాస్, విండోస్ ప్రపంచమంతా పాతుకుపోయాయి. దొంగ పంట కోసుకుపోయాక చేనుకు కంచె వేసినట్టే అయింది. ఆ ఏళ్లలో కొనేవాడికి తాను కట్టిన డబ్బులో ఎంత ఎవరికి పోతోందో కనిపించేదే కాదు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం అదే.

ఇక రెండో దారి ఒక విద్యార్థి గదిలోంచి వచ్చింది. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో 386 చిప్ ఉన్న ఒక కంప్యూటర్ కొన్నాడు. అంత డబ్బు ఒక్కసారి లేదు, కొంత కట్టి మిగతాది వాయిదాల మీద తీసుకున్నాడు. అది డాస్‌తో వచ్చింది. అతనికేమో యూనివర్సిటీలో వాడే యూనిక్స్ లాంటిది ఇంట్లో కావాలి. మినిక్స్ అనే బోధనా ఆపరేటింగ్ సిస్టమ్ తెప్పించి వేసుకున్నాడు. దాని మీద కూర్చునే తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం మొదలుపెట్టి, ఆగస్టు 25న ఆ సంగతి లోకానికి చెప్పాడు. అదే లినక్స్. కొన్నాళ్లకు మోడెమ్‌కు పంపాల్సింది పొరపాటున హార్డ్ డిస్క్‌కు పంపి మినిక్స్ ఉన్న భాగాన్ని పాడుచేసుకున్నాడు. మళ్లీ మినిక్స్ వేయడం ఎందుకులే అని పూర్తిగా లినక్స్‌కే మారిపోయాడు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, ఈరోజు ప్రపంచంలో సర్వర్లలో, మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచే లినక్స్ పుట్టిందే ఒకడు తన మెషిన్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోగలగడం వల్ల. ఆ మెషిన్‌కు తాళం వేసి ఉంటే?

తర్వాతి పదేళ్లలో లినక్స్ నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఇలాగే విండోస్ పక్కన గట్టు వేసి నేర్చుకున్నవాళ్లే. లిలో, ఆ తర్వాత గ్రబ్ అనే బూట్ లోడర్లు వచ్చాయి. 2004లో ఉబుంటు వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు అడిగినవాళ్లకు సీడీలు పోస్టులో ఉచితంగా ఇంటికి పంపేవాళ్లు. నెట్ సరిగ్గా లేని ఊళ్లకు కూడా ఆ సీడీలు చేరేవి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేపట్టారు. కేరళ అయితే ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ చదువునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చేసింది. 2013లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థులకు పంచిన హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు ఉబుంటు కూడా వేసి ఇచ్చారు.

మళ్లీ 1998కి వెళ్దాం. బూట్ లోడర్ పేరు గుర్తుపెట్టుకోమన్నది ఈ కథ కోసమే.

యాపిల్‌లో పెద్ద హోదాలో పనిచేసి బయటికొచ్చిన జాన్ లూయీ గాసే, బీ అనే కంపెనీ పెట్టి బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశాడు. పాటలు, వీడియోలు నడపడంలో అప్పటి విండోస్ కన్నా చాలా చురుకైనది. విండోస్‌ను తీసేయమని ఆయన ఎవర్నీ అడగలేదు. విండోస్ పక్కనే ఇది కూడా ఉండనివ్వండి, వాడేవాడు ఎంచుకుంటాడు అన్నాడంతే. చివరికి జపాన్‌లో హిటాచీ కంపెనీ ఒప్పుకుంది. ఫ్లోరా ప్రియస్ అనే మోడల్‌లో విండోస్, బీఓఎస్ రెండూ వేసి అమ్మింది. కానీ కొన్నవాడు ఆన్ చేస్తే ఏమొస్తుంది? నేరుగా విండోస్. ఎంపిక మెనూ రాదు, డెస్క్‌టాప్ మీద బీఓఎస్ గుర్తు కూడా ఉండదు. డిస్క్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, డబ్బిచ్చి కొన్నాడు, కానీ దాన్ని బయటికి తీయాలంటే బూట్ లోడర్‌ను తనే విడిగా వేసుకోవాలి. మామూలు మనిషికి అది ఉందనే తెలియదు.

ఎందుకిలా? తయారీదారులతో మైక్రోసాఫ్ట్ రాసుకున్న లైసెన్స్ షరతులు మెషిన్ ఆన్ అయ్యే క్రమాన్ని మార్చనివ్వలేదని బీ కంపెనీ ఆరోపణ. ఆ ఒప్పందాలు రహస్యం, బయటివాళ్లకు చూపించరు. 2001లో బీ తన ఆస్తిని పామ్ కంపెనీకి అమ్ముకుంది. 2002లో మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. 2003లో మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోకుండానే 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. డబ్బు వచ్చేసరికి కంపెనీయే లేదు. మొదటి తలుపు ధరతో మూశారు, రెండోది కాగితంతో మూశారు.

యాపిల్ సంగతి వేరు, అక్కడ తలుపు తీశారు, మళ్లీ మూశారు. 2005 జూన్‌లో స్టీవ్ జాబ్స్ మ్యాక్‌లను ఇంటెల్ చిప్‌ల మీదికి మారుస్తున్నామని ప్రకటించాడు. 2006 జనవరిలో అవి బజార్లోకి వచ్చాయి. విండోస్ నడిచేదీ ఇంటెల్ మీదే కాబట్టి, మ్యాక్‌లో విండోస్ నడపగలిగినవాళ్లకు బహుమతి అని ఇంటర్నెట్‌లో జనమే చందాలు పోగుచేశారు. 13 వేల డాలర్లు దాటాయి. మార్చిలో ఇద్దరు సాధించారు. ఏప్రిల్ 5న యాపిలే స్వయంగా బూట్ క్యాంప్ అనే ప్రోగ్రామ్ విడుదల చేసింది. మ్యాక్ కొంటే మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ నడవదేమో అని భయపడేవాళ్లకు అది పెద్ద ధైర్యమిచ్చింది. పద్నాలుగేళ్లు అలా సాగింది. 2020 నవంబర్‌లో యాపిల్ సొంత ఎం1 చిప్‌తో మ్యాక్‌లు వచ్చాయి, వాటిలో బూట్ క్యాంప్ లేదు. ఈసారి తలుపు మూసింది చిప్. ప్యారలల్స్ లాంటి ప్రోగ్రామ్ కొనుక్కుంటే మ్యాక్ లోపలే ఒక కిటికీలో విండోస్ నడుస్తుంది, 2023లో మైక్రోసాఫ్ట్ కూడా దానికి ఒప్పుకుంది. కానీ అది వాళ్లిచ్చే రెండో ఎకరం కాదు, మన ఎకరంలోనే అంతర పంట. ర్యామ్ రెండింటికీ పంచాలి. ఎం1, ఎం2 మ్యాక్‌లలో లినక్స్ వేయడానికి అసాహి లినక్స్ అని స్వచ్ఛందంగా కొందరు కష్టపడి చేశారు గానీ, కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని నమ్ముకుని మ్యాక్ కొనొద్దనే చెబుతాను.

విండోస్ మెషిన్లలో ఇంకో తాళం 2012లో వచ్చింది. పేరు సెక్యూర్ బూట్. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు బూట్ లోడర్ మీద నమ్మకమైన సంతకం ఉందో లేదో మదర్‌బోర్డే చూస్తుంది, లేకపోతే నడవనివ్వదు. బూట్ అయ్యేటప్పుడే లోపలికి దూరే వైరస్‌లను ఆపడానికి ఇది నిజంగా పనికొస్తుంది, ఊరికే తిట్టడం న్యాయం కాదు. కానీ మెషిన్లలో తయారీదారులు పెట్టేది ప్రధానంగా మైక్రోసాఫ్ట్ తాళంచెవులే. అందుకే ఉబుంటు, ఫెడోరా లాంటివాళ్లు షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ మీద మైక్రోసాఫ్ట్ చేత సంతకం చేయించుకుని, దాని ద్వారా లినక్స్‌ను నడిపిస్తున్నారు. అంటే రెండో దాని ప్రవేశానికి మొదటి దాని యజమాని ముద్ర కావాలి. విండోస్ 8 కాలంలో మామూలు పీసీల్లో సెక్యూర్ బూట్‌ను ఆపేసుకునే వీలు తప్పనిసరిగా ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. విండోస్ 10 వచ్చాక దాన్ని తయారీదారు ఇష్టానికి వదిలేసింది. ఏఆర్ఎం చిప్ ఉన్న విండోస్ ఆర్‌టీ టాబ్లెట్లలో మాత్రం మొదటి రోజు నుంచే ఆపడానికి వీల్లేదు. వాటికి 2023 జనవరిలో సపోర్ట్ ఆగిపోయింది. వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే దారి కంపెనీ ఇవ్వలేదు కాబట్టి, తెర, బ్యాటరీ, కీబోర్డు అన్నీ బాగున్న మెషిన్లు మూలన పడ్డాయి.

సరిగ్గా ఇక్కడే మన డబ్బు సంగతి వస్తుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్‌లకు నమోదు చేసుకోవచ్చన్నారు, అంతే. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచి పైవి ఉండాలి. మన పిల్లలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, జిల్లా కేంద్రంలోనో సెకండ్ హ్యాండ్‌లో కొనేవాటిలో 6, 7 జనరేషన్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చాలా ఉంటాయి. గట్టి మెషిన్లు, ఎస్ఎస్‌డీ వేస్తే పరుగెడతాయి. మైక్రోసాఫ్ట్ లెక్కలో అవి ముసలివి. లినక్స్ లెక్కలో ఇంకా పడుచువే. అలాంటి మెషిన్‌కు రెండో ఆపరేటింగ్ సిస్టమ్ సరదా కాదు, రెండో ఆయుష్షు. కాబట్టి కొనే రోజు మీకు లినక్స్ అవసరం లేకపోయినా, అయిదో ఏడు తమ్ముడికో చెల్లికో ఇచ్చే రోజు అవసరం పడుతుంది. నేను ఈ ప్రశ్నకు "చూడాలి" అని చెప్పేది ఈ కారణానికే.

రోజూ రెండూ నడపాలనుకుని మాత్రం దీన్ని పట్టుకుని వేలాడొద్దు. బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ వాళ్లకు లినక్స్ కమాండ్లు నేర్చుకోవడానికి విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ ఉంది, డిస్క్ కోయక్కర్లేదు. సివిల్, మెకానికల్ వాళ్లకు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ కావాలి, అవి లినక్స్‌కు లేవు. కామర్స్ వాళ్ల ట్యాలీ కూడా విండోస్ సరుకే. వీళ్లు విండోస్ ల్యాప్‌టాప్ కొనుక్కోవడమే మేలు. ఉన్న డబ్బుతో 8 జీబీ ర్యామ్ బదులు 16 వస్తుందా, తర్వాత పెంచుకునే స్లాట్ ఉందా అన్నది ముందు చూసుకోండి. డిస్క్ 256 జీబీ అయితే గట్టు వేస్తే రెండు పక్కలా ఇరుకే, 512 ఉంటే నయం. గోండి రాయడానికి లినక్సే ఉండాలా అని కూడా కొందరు అడుగుతారు. అక్కర్లేదు. మసరం గోండి 2017లో, మన ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. గూగుల్ నోటో ఫాంట్లు ఉచితం, రెండింట్లోనూ వేసుకోవచ్చు.

ఇంకో మాట. దుకాణంలో డాస్ ల్యాప్‌టాప్ అని నాలుగైదు వేలు తక్కువకు చూపిస్తే బెదరొద్దు. అందులో సాధారణంగా ఫ్రీడాస్ అనే ఉచిత డాస్ ఉంటుంది, అంటే విండోస్ డబ్బు అందులో కలపలేదన్నమాట. లినక్స్ వాడదలిచినవాళ్లకు అది మంచి బేరం. విండోస్ కావలసినవాళ్లకు కాదు, ఎందుకంటే దుకాణం వాడు "నేనేస్తాలే" అని వేసే విండోస్‌కు చాలాసార్లు లైసెన్స్ ఉండదు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ బాగా వస్తుంది గానీ, వాటిలో లినక్స్ ఇంకా కుదురుకోలేదు, ఆ సంగతి తెలిసే కొనండి.

ఇంటికి తెచ్చాక రెండోది వేసే ముందు రెండు పనులు చేయాలి. ఫైళ్లన్నీ వేరే చోట కాపీ పెట్టుకోవాలి. బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోవాలి, అది 48 అంకెలుంటుంది. సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిపితే విండోస్ ఆ కీ అడుగుతుంది. లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

కొనేముందు పరీక్ష అయితే చాలా తేలిక. 8 జీబీ పెన్ డ్రైవ్‌లో ఉబుంటు గానీ మింట్ గానీ వేసి దుకాణానికి తీసుకెళ్లండి. సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు చాలామంది అభ్యంతరం చెప్పరు. పెన్ డ్రైవ్ నుంచే బూట్ చేయండి, డిస్క్‌లో ఏమీ మారదు. వైఫై దొరుకుతోందా, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా చూడండి. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉంటే మాత్రం ఆ మెషిన్ వద్దు, అక్కడే పెట్టేసి రండి. పెన్ డ్రైవ్ తయారుచేయడం రాకపోతే హాస్టల్‌లో సీనియర్ అన్నలనో అక్కలనో అడగండి, ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.